ఏ పోగు ఎక్కడిది

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆ సామెత పుట్టించినవాళ్ళకి మా అమ్మతో పరిచయం లేదు. ఉండి ఉంటే, ఆ మొండివాడు కూడా ఆవిడ ముందు దిగదుడుపే అని ఇంకో ముక్క కలిపి ఉండేవాళ్ళు.

ఆరు నెలలుగా అమ్మకి రక్తం విపరీతంగా పోతోంది. గర్భసంచిలో మూడు గడ్డలున్నాయని స్కానింగులో తేలింది. పెద్దది నారింజపండంత ఉంది. ప్రాణం తీసే గడ్డలు కావు గానీ ఒంట్లో రక్తాన్నంతా తోడేస్తున్నాయి. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు దాటడం లేదు. ఆ సంగతి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడు చదువుతున్నాను. అమ్మ చేతి నుంచి రక్తం తీసేది నేనే, మా కాలేజీ ల్యాబులో దాన్ని పరీక్షించేదీ నేనే. మందులు వాడి చూశారు. లొంగలేదు. సంచి తీసేయడం తప్ప దారి లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అమ్మ బుద్ధిగా తలూపింది.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుకి అమ్మకి ఎవరిదో అర్జెంటు కోటు వచ్చిపడింది. మళ్ళీ ఇచ్చిన రెండో తేదీకి జలుబు చేసింది. మూడో తేదీకి ఏ సాకూ దొరక్క, "చూద్దాంలే" అంది. మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసపడే మనిషి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చూద్దాంలే అంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? నాకు మండింది.

అమ్మది రఫూ పని. బట్టకి చిల్లు పడితేనో, సిగరెట్టు నిప్పు పడి కాలితేనో, అక్కడ అసలేమీ జరగనట్టు తిరిగి నేసి ఇవ్వడం. మా ముందుగదిలో కిటికీ కింద ఆమె బల్ల. దీపం వెలుగులో రంగులు మోసం చేస్తాయని పగలు మాత్రమే పని చేస్తుంది. కోటు రాగానే ముందు చిల్లు చూడదు. దాన్ని తిరగేసి, అంచుల లోపలి మడత విప్పి, ఎవరికీ కనపడని చోటి నుంచి పోగులు ఒక్కొక్కటే లాగుతుంది. వాటితోనే చిల్లు పూడుస్తుంది. బజారులో దొరికే దారం ఎంత అచ్చంగా కలిసినా ముట్టుకోదు. "అతుకు వేయడం నాకు రాదు. ఆ బట్ట పోగే ఆ బట్టకి" అని వచ్చినవాళ్ళకి చెప్పేస్తుంది. మిగిలిన పీలికలన్నీ ఖాళీ బిస్కెట్ డబ్బాల్లో దాస్తుంది, డబ్బా మీద ఆ మనిషి పేరు రాసి. పన్నెండేళ్ళ నాటి పీలికలు కూడా ఉన్నాయి. "మన ఇంట్లో చెత్తబుట్టకి ఉద్యోగం లేదు" అంటారు మా నాన్న. ఆయన సిటీ బస్సు నడుపుతారు. రోడ్డు మీద ఎంతమందిని అదిలిస్తారో తెలియదు గానీ అమ్మ దగ్గర మాత్రం పెదవి విప్పరు.

అలాంటి మనిషితో నేనొక మాటన్నాను. మూడో తేదీ కూడా దాటిపోయిన రోజు, ఆమె రిపోర్టు బల్ల మీద పడేసి, "ఆ సంచి పని ఎప్పుడో అయిపోయిందమ్మా! ఇంకా దేనికది? తీసి పారేస్తే పీడా పోతుంది" అన్నాను.

అమ్మ సూది ఆగింది.

"పనైపోయిందని నువ్వు చెప్తావా?" అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ కోటు మీదకి వంగింది. ఆ రోజంతా నాతో ఇంకో మాట లేదు.

రఫూ పని చేసే ఇంట్లో అనకూడని మాటలు రెండే రెండు. ఒకటి పనైపోయింది, రెండు పారేద్దాం. పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో పెరిగి, రెండింటినీ ఒక్క ఊపులో అనేసిన ఘనత నాదే. అయినా అప్పటికి నాకు బుద్ధి రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆవిడ, అనుకుని ఊరుకున్నాను.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, "కాన్పులెన్నమ్మా?" అని అడిగింది.

"రెండు" అంది అమ్మ.

"పిల్లలు?"

అమ్మ చేతిసంచి పట్టీని ఒకసారి సరిచేసుకుంది. "ఒక్కతే."

కాన్పులు రెండు, పిల్లలు ఒకరు అని ఫైల్లో రాసుకుంది డాక్టరమ్మ. నాకు ముందు ఒక మగపిల్లాడు ఎనిమిదో నెలలో కడుపులోనే పోయాడని నాకు తెలుసు. నాకు పదేళ్ళప్పుడు నాన్న చెప్పారు, ఒక్క వాక్యంలో. ఆ తర్వాత ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్లాడికి ఫోటో లేదు. పేరు పెట్టేదాకా రాలేదు. నా మటుకు నాకు అది ఫైల్లో రెండు అంకెలకి మధ్య ఉన్న తేడా, అంతే. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

శుక్రవారం మూడో పీరియడు మా కాలేజీలో వార్తల గంట. ఒక్కొక్కళ్ళూ ఆరోగ్యం మీద పేపర్లో వచ్చిన వార్త ఒకటి కత్తిరించి తెచ్చి చదవాలి. రక్తపరీక్షల పాఠం చెప్పే మాస్టారు కళ్ళు మూసుకుని వింటారు. అంతా అయ్యాక ఒక్కటే ప్రశ్న: "ఎంతమందిని చూశారు?" అందుకని ఆయన్ని మేమంతా ఎంతమంది మాస్టారు అంటాం. చాక్లెట్ తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఒకడు ఎగురుకుంటూ చదివితే ఆ ప్రశ్నే వేశారు. పదహారుమంది అని తేలింది. "అంటే మన మొదటి రెండు బెంచీలు. వీళ్ళని చూసి ప్రపంచం మొత్తం తెలివి లెక్కగట్టమంటావా?" అన్నారు. గోరంతను కొండంత చేయడం పేపరు వాళ్ళ పనైతే, కొండని మళ్ళీ గోరంతకి తేవడం ఆయన పని.

ఆ వారం నా వంతు. నిజం చెప్పొద్దూ, నేను వార్త కోసం పెద్దగా వెతకలేదు. పొద్దున్నే అమ్మ బల్ల మీద బటన్ల కింద పరిచిన పేపర్లో ఒక మూల "తల్లి మెదడులో కొడుకు కణాలు" అని కనిపిస్తే, నవ్వొచ్చి కత్తిరించాను. మాస్టారు దీన్ని చీల్చి చెండాడతారు, క్లాసుకి కాస్త కాలక్షేపం అనుకున్నాను.

లేచి చదివాను. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు వాడి కణాలు కొన్ని మాయ దాటి తల్లి రక్తంలోకి వస్తాయట. కాన్పు అయ్యాక కూడా అన్నీ పోవట. ఏళ్ళ తరబడి ఉండిపోతాయట. రక్తంలో, కాలేయంలో, గుండెలో. చనిపోయిన ఆడవాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే, మగవాళ్ళలో మాత్రమే ఉండాల్సిన వై క్రోమోజోమ్ గుర్తులు దొరికాయట. ఆ గుర్తులు దొరికినవాళ్ళలో తొంభై నాలుగేళ్ళ ముసలావిడ కూడా ఉందట. చదువుతూ చదువుతూ నా గొంతు నాకే మారినట్టు అనిపించింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

మాస్టారు కళ్ళు తెరిచారు. "ఎంతమందిని చూశారు?"

"యాభై తొమ్మిదిమందిని సార్. అందులో ముప్పై ఏడుగురిలో దొరికింది."

చీల్చడానికి లేస్తున్నారనుకున్నాను. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు.

"పాత సంగతేనమ్మా ఇది. పేపరుకి ఇప్పుడు తెలిసింది" అన్నారు. "యాభై తొమ్మిది తక్కువే. ఇంకా చాలా చూడాలి. కానీ ఇది అబద్ధం కాదు. రక్తంలో కూడా దొరికాయి, కాన్పయిన ఇరవై ఏడేళ్ళకి కూడా. కోత కోసి కాన్పు చేసినవాళ్ళకి ఆ కోత మానిన మచ్చలో కూడా దొరికాయి. అక్కడేం చేస్తున్నాయో ఎవరికీ గట్టిగా తెలియదు. కొన్ని చోట్ల మేలు చేస్తున్నట్టుంది, కొన్ని చోట్ల కీడు."

"బిడ్డ బతక్కపోతే, సార్?" నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"బిడ్డ పుట్టాడా లేదా అని ఆ కణానికి తెలియదు కదమ్మా. అది అప్పటికే ఇవతలికి వచ్చేసి ఉంటుంది." ఆయన తిరిగి కుర్చీలో కూర్చున్నారు. "ఇంకో వింత చెప్పనా? అన్నలున్న ఆడపిల్లల్లో కొందరి రక్తంలో మగ కణాలు దొరికాయి. అందరిలో కాదు, కొందరిలో. అన్న నుంచి తల్లికి, తల్లి నుంచి చెల్లెలికి వచ్చి ఉండొచ్చని అనుమానం. ముప్పై ఏళ్ళుగా రక్తం చూస్తున్నాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు మాట రాదు."

ఆ పూట ల్యాబులో అమ్మ స్లయిడు తీశాను. రెండు రోజుల క్రితం నేనే రంగు వేసి ఆరబెట్టినది. అప్పుడు గబగబా లెక్కేసి పక్కన పెట్టేశాను. ఇప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి, నూనె చుక్క వేసి, లెన్సుని నెమ్మదిగా దింపాను. నడుమ వెలవెలబోయిన ఎర్రకణాలు, నీరసంగా. క్రోమోజోములుండే కేంద్రకం ఎర్రకణాల్లో ఉండదు. కాబట్టి ఎవరైనా ఉంటే తెల్లకణాల్లో ఉండాలి. వంద తెల్లకణాలు లెక్కపెట్టడం మాకు రోజూ ఉండే పనే, లెక్కపెట్టే యంత్రం మీద ఒక్కో రకానికి ఒక్కో మీట నొక్కుతూ పోతాం. ఆ రోజు మాత్రం మీట మీద వేలు కదల్లేదు. ఊదారంగులో ఒక కణం వచ్చింది. నువ్వెవరు? ఇంకొకటి వచ్చింది. నువ్వు? ఒక్కొక్కదాని ముఖం చూసుకుంటూ వెళ్ళాను. మైక్రోస్కోపుతో అది తేలదని నాకు తెలుసు, లక్షల్లో ఒక్కటి ఉంటే ఎక్కువ, పైగా చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తెలిసీ చూస్తూనే ఉన్నాను.  ఈ మనిషి రక్తం నేను ఆరు నెలలుగా తీస్తున్నాను. అందులో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి కూడా అనుకోలేదు.

తర్వాత నా వేలు పొడుచుకున్నాను. నాది ఇంకో స్లయిడు చేసి, అమ్మ స్లయిడు పక్కన పెట్టాను. నన్ను నేను ఒక్కదాన్నే అనుకుని పంతొమ్మిదేళ్ళు తిరిగాను. పక్క బెంచీలో అమ్మాయి, "ఏంటే, స్లయిడు చూసి ఏడుస్తున్నావ్?" అంది. రంగు కంట్లో పడిందన్నాను. అబద్ధమని దానికీ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అమ్మ కిటికీ కింద నల్లకోటు మోచేతి దగ్గర పోగులు నేస్తోంది. నేను చెప్పులు విడవకుండానే ఎదురుగా కూర్చున్నాను.

"మళ్ళీ రక్తహీనత కబుర్లేనా? చెప్పు, వింటాను. చేతికి పనుంది, చెవులు ఖాళీయే" అంది.

"కాదమ్మా. ఇది వేరు." కాగితం తీసి మొత్తం చదివాను. మాస్టారు చెప్పినవి కూడా చెప్పాను. బిడ్డ పుట్టకపోయినా కణాలు ఉండొచ్చన్న మాట దగ్గరికి వచ్చేసరికి, అమ్మ సూదిని బట్టకి గుచ్చి వదిలేసింది. పని మధ్యలో సూది వదలడం నేనెప్పుడూ చూడలేదు.

 ఆ తర్వాత కోటుతోనే మాట్లాడుతున్నట్టు అంది.

"వాణ్ణి నాకు చూపించలేదే. చూస్తే మర్చిపోలేవని మీ అమ్మమ్మ వద్దంది. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఏ పక్క పెట్టారో కూడా నాకు తెలియదు. అప్పుడున్న ఇల్లు కూడా పడగొట్టేశారు. వాడు ఈ లోకంలో ఉన్న చోటంటూ ఏదైనా ఉంటే అదొక్కటే." చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుంది. "ఎనిమిది నెలలు అందులోనే కదా తిరిగాడు. అది కూడా తీసి పారేస్తే ఇంక వాడెక్కడున్నట్టు? ఇది ఆ డాక్టరమ్మతో ఎలా చెప్పను? పిచ్చిదాన్నని నవ్వదూ?"

 ఆరు నెలలుగా ఆమెకి కత్తి అంటే భయమనుకున్నాను. మత్తుమందు అంటే భయమనుకున్నాను. ఆ భయాలన్నిటికీ అంకెలతో సహా జవాబులు తయారుచేసుకుని చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని విసుక్కున్నాను. ఆమె అడగని ప్రశ్నలకి జవాబులు చెప్పింది నేను. ఆ పైన పనైపోయింది, పారేద్దాం అని కూడా అన్నాను.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"నీకేం తెలుసులే." కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అయితే నాలో ఉన్నాడంటావా?"

ఆ క్షణంలో ఉన్నాడమ్మా అని ఒక్క మాట అంటే చాలు. రేపే ఆసుపత్రికి వస్తుంది. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. ఈలోగా అమ్మే అడిగింది:

"ఎంతమందిని చూశారు?"

మా మాస్టారి గురించి ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. మంచి పనివాళ్ళంతా ఒకే ప్రశ్న వేస్తారు కాబోలు. ఇంక అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"మెదడులో చూసింది యాభై తొమ్మిదిమందిని. ముప్పై ఏడుగురిలో ఉంది."

"పదిమందిలో ఆరుగురు."

"అవును. నీలో ఉన్నాడో లేదో నేను చెప్పలేనమ్మా. మా ల్యాబులో ఆ పరీక్ష లేదు. ఉండొచ్చు. అంతే చెప్పగలను."

అయిపోయింది, చేతికందిన దాన్ని నేనే జారవిడిచాను అనుకున్నాను. అమ్మ నల్లకోటు మోచేతిని వెలుగుకేసి పట్టుకుంది. చిల్లు సగం పూడింది. పూడిన సగం ఎక్కడ మొదలైందో నాకు కనపడలేదు.

"ఇది చూడు. పొద్దున్నుంచి నేనే వేశాను ఈ పోగులు. ఏది పాతదో ఏది నేను తెచ్చి వేసిందో చెప్పమంటే ఇప్పుడు నేనే చెప్పలేను. చెప్పలేనంత మాత్రాన లేవా?" అంది. "మరి కోత కోసిన చోట కూడా కనిపించాయన్నావు?"

"మాస్టారు అలాగే చెప్పారు. అక్కడేం చేస్తున్నాయో మాత్రం ఇంకా తెలియదట. ఒకచోట మేలు, ఒకచోట కీడు."

"పిల్లలంటే అంతేగా" అంది అమ్మ, నన్నే చూస్తూ. ఇద్దరం ఒక్కసారిగా నవ్వేశాం, ఏడుపు మధ్యలో. అన్నల కణాలు కొందరు చెల్లెళ్ళలో దొరికాయన్న సంగతి అప్పుడు చెప్పాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తున్నట్టు చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. ఎంతమందిని చూశారని ఈసారి అడగలేదు.

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి మేమిద్దరం ఇంకా అక్కడే ఉన్నాం. "ఏమైంది, ఇద్దరి ముఖాలూ అలా ఉన్నాయి?" అన్నారు కంగారుగా.

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి. నాలుగో తేదీ ఏదో ఇమ్మనండి. ఈసారి జలుబు చేసినా వస్తాను" అంది అమ్మ. నాన్న నా వైపు చూశారు. నేను తలూపాను. ఆయన చొక్కా మార్చుకోకుండానే ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళారు. అవతల మోగుతుండగానే ఆయన కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి నాకు కనపడింది.

మూడు వారాలు ఐరన్ ఎక్కించి, హిమోగ్లోబిన్ పదికి తెచ్చారు. ఆఖరి శాంపిల్ నేనే తీశాను. సూది గుచ్చేటప్పుడు అమ్మ, "మెల్లిగా. నేనొక్కదాన్నే కాదు" అంది. సిరంజిలోకి రక్తం ఎక్కుతుంటే, ఎన్ని వందలసార్లు చూసినదాన్నో, మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో నర్సు ఫారం పట్టుకుని వచ్చింది. పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు కొసకి జారి ఉంది. పేరు, వయసు, మందులేవైనా పడవా, అన్నీ గడగడా అడుగుతూ రాసుకుపోతోంది. నాన్న ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నారు.

"కాన్పులు?"

"రెండు."

"పిల్లలు?"

నాన్న తల దించుకుని ఫ్లాస్కు మూత బిగించడం మొదలుపెట్టారు. అది బిగించే ఉంది.

"ఇద్దరు" అంది అమ్మ. "పెద్దవాడు అబ్బాయి. ఇది రెండోది."

నాన్న చేతులు ఆగిపోయాయి. నర్సు తలెత్తి నన్ను చూసి, తలుపు వైపు చూసింది. "అబ్బాయి రాలేదే? ఎక్కడుంటాడు?"

"నా దగ్గరే" అంది అమ్మ.

"అదృష్టవంతులమ్మా. మావాడు పక్కవీధిలో ఉండి కూడా ఫోన్ ఎత్తడు" అంటూ నర్సు కళ్ళజోడు పైకి తోసుకుంది. కాన్పులు రెండు, పిల్లలు ఇద్దరు అని రాసుకుని, అమ్మని లోపలికి తీసుకెళ్ళింది.